పాత మిషను కొలత

"దీన్ని పాత ఇనుములో పడేస్తారా? మీకసలు మనసెలా వచ్చిందండీ?"

వంటగది కొలవడానికి వచ్చిన అమ్మాయి ఇంటాయన మొహమైనా సరిగ్గా చూడకుండా అన్న మొదటి మాట ఇది. పాత మిషను తీసేసి కొత్తది పెట్టాలని ఆఫీసులో ఇచ్చిన కాగితంలోనే ఉంది. బయట జోరున వాన. ఆమె గొడుగులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఇంటాయన అంటే పెద్ద వయసువాడేం కాదు, ఆ ఇంటి బామ్మగారి మనవడు. అతను ఆమెను ఒకసారి, తడుస్తున్న నేలను ఒకసారి చూశాడు.

"మిమ్మల్ని పిలిచింది వంటగది కొలవడానికండీ. నా మనసు కొలవడానికి కాదు."

ఆమె నాలిక కరుచుకుంది. ఇంటీరియర్ కంపెనీలో చేరాక తనొక్కదానికే అప్పగించిన మొదటి వంటగది ఇది. "కస్టమర్‌తో వాదన పెట్టుకోకు. ఇది చెడగొట్టావంటే మళ్ళీ ఆఫీసులో కూర్చుని మా డ్రాయింగులకు రంగులు వేసుకోవడమే" అని ఓనరు మేడం చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపింది. ఈవిడగారు వంటగది గుమ్మంలోనే మొదలెట్టింది.

ఆమెను మాత్రం ఏమనగలం? ఆ మిషన్ని చూస్తే ఎవరికైనా నోరు ఊరుకోదు.

గిన్నెలు కడిగే మిషను. నలభై ఏళ్ళ నాటిది. లేత ఆకుపచ్చ రంగు, ఎక్కడా పెచ్చు ఊడలేదు. మూలలు పసిపిల్ల బుగ్గల్లా గుండ్రంగా ఉన్నాయి. తలుపు మీద అడ్డంగా వెడల్పాటి స్టీలు హ్యాండిలు, అద్దంలా మొహం కనిపించేంత మెరుపు. పక్కన గుప్పిట నిండే గుండ్రటి నాబు. తిప్పితే టక్కుటక్కుమని ఒక్కో మెట్టూ వేళ్ళకు తెలుస్తుంది. కొత్త మిషన్లు అల్మారాల వెనకాల సిగ్గుపడి దాక్కుంటాయి. ఇది మాత్రం వంటగది మధ్యలో దర్జాగా, ఇల్లు నాదే అన్నట్టు నిలబడి ఉంది.

"ఎప్పుడూ చెడిపోలేదాండీ?" అని అడిగింది పొయ్యి దగ్గరున్న బామ్మగారిని, గొంతు తగ్గించి.

"చెడిపోవడమా! వీడి నాన్న బడికి పట్టుకెళ్ళే టిఫిను డబ్బాలు కడిగింది, వీడి పాలసీసాలు కడిగింది. ఒక్కసారి తలుపు రబ్బరు మార్చాం, అంతే. ఈ ఇంటికి పెద్దకోడలమ్మా ఇది. పని ఎగ్గొట్టదు, అలిగి పుట్టింటికి పోదు, ఎదురు మాట్లాడదు."

"ఎదురు మాట్లాడదా? అది మొదలెడితే మనిద్దరి మాటా వినపడదు బామ్మా!" అన్నాడు మనవడు.

బామ్మగారు నవ్వి నాబు తిప్పింది. లోపల నీళ్ళు ఒక్కసారిగా లేచాయి. ఆ హోరు మెల్లగా సర్దుకుని, ఒకే తీరుగా, నిండుగా సాగింది. అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని మిషను తలుపుకు చెవి ఆనించింది. తను పుట్టకముందు నుంచీ రోజూ ఇదే పని, ఇంతే శ్రద్ధగా! తను కొన్న మిక్సీ ఏడాది తిరక్కుండానే పొగలు కక్కింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఎందుకో ఆమెకే తెలియదు.

గుమ్మంలో నిలబడ్డ మనవడు ఏదో వెటకారం ఆడబోయి, ఆ మొహం చూసి మర్చిపోయాడు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చి అతనే చెప్పాడు. "నేను ఫోన్ల షాపులో మేనేజర్ని. రోజూ ఊరందరికీ కొత్తవి అమ్ముతాను. మా బామ్మ మాత్రం నన్ను పెంచుతూ అన్నీ పాతవాటితోనే సరిపెట్టుకుంది. నా చేత్తో ఒక్క కొత్త వస్తువు కొనిపెట్టాలని... అంతేనండీ. మనసు లేక కాదు."

ఆమె తలొంచుకుని గొడుగు విప్పుకుంది.

తర్వాత ఆమె టేపు మర్చిపోయానని ఒకసారి వచ్చింది. గోడ రంగు ఎండలో చూడాలని ఇంకోసారి వచ్చింది, ఆరోజు అసలు ఎండే లేదు. వచ్చినప్పుడల్లా ఆ ఆకుపచ్చ మిషన్ని ఒకసారి తడిమి, టేపు పెట్టి చూసుకునేది.

"ఎన్నిసార్లు కొలుస్తారండీ? దానికి పెరిగే వయసు దాటిపోయింది" అనేవాడు అతను.

"మీరేంటి, షాపు టైములో ఇంట్లో ఉన్నారు?"

"కాఫీకి వచ్చాను."

"షాపు పక్కనే కాఫీ దొరుకుతుందిగా?"

"బాగుండదు" అని అతను చెవులు ఎర్రబడి లోపలికి పోయేవాడు. బామ్మగారు అన్నీ చూస్తూ, ఏమీ చూడనట్టు కూర్చునేది.

అల్మారాలు బిగించారు. రాతిగట్టు పరిచారు. కొత్త డిష్‌వాషర్ అట్టపెట్టెలోంచి బయటికొచ్చింది. కార్పెంటరు దాన్ని గట్టు కింద వదిలిన ఖాళీలోకి తోశాడు. అది వెళ్ళలేదు. పక్కకు తిప్పి తోశాడు. ఊహూఁ. రెండు వేళ్ళంత తేడా.

ఆమె గబగబా సంచి తెరిచి చూసింది. కొత్త మిషను కొలతల కాగితం మొదటి నుంచీ సంచిలోనే ఉంది. డ్రాయింగులో మాత్రం ఆమె వేసినవి తనకు కంఠతా వచ్చేసిన కొలతలు, పాతదానివి!

మనవడి మొహం మాడిపోయింది. "కావాలనే చేశారా? నేను కొన్నది మీకు మొదటి నుంచీ గిట్టలేదు కదా?"

"ఒట్టండీ, కావాలని కాదు. ఆ మిషన్నే తలుచుకుంటూ గీశాను. తప్పు నాదే. గట్టు పీకించి మళ్ళీ పెట్టిస్తాను. మేడంకి నేనే చెప్తాను." మొదటి వంటగది చేజారిపోయింది. దానికన్నా అతను అలా చూడటమే ఎక్కువ బాధగా ఉంది.

కొత్తదాన్ని హాల్లోకి తీసుకెళ్దామంటే దారికి అడ్డంగా పాతది ఉంది. కార్పెంటరు విసుక్కుంటూ దాన్ని ఆ ఖాళీలోకి నెట్టాడు. ఇలా పెట్టి అలా నెట్టాడో లేదో, చప్పుడైనా లేకుండా వెళ్ళి కూర్చుంది.

తెల్లటి గట్టు కింద, కొత్త చెక్క మధ్య ఆ ఆకుపచ్చ నిండుగా వెలిగింది. కిటికీ వెలుగు హ్యాండిలు మీద పడి గదంతా పాకింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న వస్తువును మనవడు ఆరోజే చూశాడు. దగ్గరికెళ్ళి హ్యాండిలు తడిమాడు.

"ఇంత అందంగా ఉంటుందా ఇది?" అన్నాడు.

బామ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"బామ్మా, దీన్ని పంపడం నీకు ఇష్టం లేదా? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వంత ముచ్చటపడి కొంటుంటే ఎలా చెప్పనురా?"

అమ్మాయి అప్పటికే మేడంకి ఫోన్ చేసింది. ఒక్క ముక్క దాచకుండా చెప్పేసింది. అవతలి కేకలు గదిలో అందరికీ వినపడుతున్నాయి. అతను దగ్గరికొచ్చి ఫోనులోకి గట్టిగా అన్నాడు: "మేడం, గట్టు పీకొద్దు. మాకు ఇదే కావాలి. ఈవిడ కన్నా బాగా ఎవరూ చెయ్యలేరు."

కేకలు ఆగాయి. "అయితే సరే. తర్వాతి ఇంటికి మాత్రం కాగితం చూసి గీయమనండి" అని మేడం పెట్టేసింది.

తర్వాతి ఇల్లు! ఆమె గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. కాసేపటికి హాల్లో ఉన్న కొత్త మిషను గుర్తొచ్చింది.

"మరి దాన్నేం చేస్తారు? వెనక్కి ఇచ్చేస్తారా?"

"ఇవ్వను. దానికో ఇల్లు చూస్తాను."

"ఎవరి ఇల్లు?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. అయినా ఈసారి పారిపోలేదు. "ఇంకా ఖాయం కాలేదు. నాతో వచ్చి చూసే మనిషి ఒప్పుకోవాలి. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. వస్తారా?"

ఆమె టేపును చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. "వస్తాను. కానీ కొలతలు మీరు తీసుకోండి. మీరు పక్కనుంటే నాకు లెక్క కుదరదు."

"ఇద్దరూ కలిసే తీసుకోండర్రా!" లోపలి నుంచి బామ్మగారు కేకేసింది. "నాకూ ఒక గది ఉండేట్టు చూడండి!"