జంటలో రెండో ట్రాక్టరు

మధ్యాహ్నం దాకా ఆకాశం బాగానే ఉంది. బెక్తాస్ షెడ్డులో కూర్చుని తన చైన్ ట్రాక్టరు రేకుల్ని గుడ్డతో రుద్ది మెరుగు పెడుతున్నాడు. కజక్ మైదానాన్ని మొదటిసారి దున్నిన కాలం నాటి బండి అది. తుక్కు కింద అమ్మేయబోతుంటే అడ్డం పడి తెచ్చుకుని, ఏళ్ల తరబడి దానితోనే కాపురం చేశాడు. "నాకో సవతి ఉంది, దాని ఒళ్లంతా డీజిల్ కంపే" అని అతని భార్య ఊల్‌జాన్ ఊరంతా చెప్పుకుని నవ్వేది.

అన్నీ కుదిరాయి గానీ డీజిల్ పంపు ఎక్కడా దొరకలేదు. ఆ ఏడు వేసవిలో సరస్సు ఎండిపోయి, బురదలోంచి అచ్చం అలాంటి ట్రాక్టరే బయటపడింది. రెండూ ఒకే రైల్లో వచ్చిన జంట. రెండోది ఎన్నో ఏళ్ల కిందట ఒక మంచు తుఫానులో దారి తప్పి, సరస్సు మీది మంచుగడ్డ విరిగి, డ్రైవరుతో సహా మునిగిపోయింది.

"ఆ మనిషి ఎముక కూడా దొరకలేదురా. దాని జోలికి పోకు," అన్నాడు పక్కింటి ఓతెగెన్ తాత.

అసలు పంపు కళ్లెదుట కనిపిస్తుంటే వదిలిపెట్టే పాత ఇంజన్ల పిచ్చోడు ఎవడు? బెక్తాస్ దాన్ని విప్పుకొచ్చి, శుభ్రం చేసి, బిగించేశాడు. శరత్కాలపు వానలకు సరస్సు మళ్లీ నిండి మిగతా బండిని మింగేసింది.

ఈ రోజు పొద్దు వాలేసరికి మంచు తుఫాను విరుచుకుపడింది. కరెంటు పోయింది. గాలి షెడ్డు రేకుల కింద దూరి ఈల వేస్తోంది. బడిలో వంట చేసే ఊల్‌జాన్ ఇంకా ఇంటికి రాలేదు. అంతలో ఫోన్.

"బస్సు దిగాను. ఏమీ కనిపించట్లేదు, ఎటు చూసినా..."

అంతే, తెగిపోయింది.

బస్సు ఆగే ఆ రోడ్డుకు ఒకవైపు ఊరు, ఇంకోవైపు సరస్సు. తుఫానులో ఎవరైనా చిక్కుకుంటే ఊళ్లో ఒక ఇంజన్ ఆపకుండా నడుపుతారు. చిక్కుకున్నవాళ్లు ఆ చప్పుడు పట్టుకుని నడిచి వస్తారు. కొత్త ట్రాక్టర్లలో డీజిల్ అప్పటికే గడ్డకట్టింది. బెక్తాస్ ఒక్కడే ముందుచూపుతో కిరోసిన్ కలిపి ఉంచాడు. పెద్ద ఇంజన్ను లేపే చిన్న పెట్రోలు ఇంజన్‌కి తాడు చుట్టి లాగాడు. పాత బండి దగ్గి, ఊగి, గట్టిగా అందుకుంది. అతని ప్రాణం లేచివచ్చింది.

మంచులో పడుతూ లేస్తూ ఓతెగెన్ తాత షెడ్డులోకి వచ్చాడు. తలుపు దగ్గరే ఆగి చెవి ఒగ్గాడు.

"ఒరే... ఆ రెండోది ఎవరిది?"

బెక్తాస్‌కీ వినిపించింది. అదే చప్పుడు, అదే దగ్గు. సరస్సు వైపు నుంచి.

"ప్రతిధ్వని తాతా."

"ఎదురుగా గోడ ఉంటే కదరా ప్రతిధ్వని. అక్కడేముంది... గడ్డకట్టిన నీళ్లు తప్ప."

బెక్తాస్ ఇంజన్ ఆపాడు. అదీ ఆగింది. మళ్లీ లేపాడు. కాసేపటికి... అదీ లేచింది. ఈసారి ఇంకా దగ్గరగా. షెడ్డులో కుళ్లిన బురద వాసన.

"నీ పంపు దాన్ని పిలుస్తోందిరా. ఆపెయ్," గుసగుసగా అన్నాడు తాత.

"ఆపితే ఊల్‌జాన్‌కి ఏం వినిపిస్తుంది?"

"ఆపకపోతే రెండూ వినిపిస్తాయి."

బెక్తాస్‌కి ఏడుపొచ్చింది. ఏది చేసినా ఆమెను తన చేత్తో తోసేస్తున్నట్టే ఉంది. కళ్లు మూసుకుని ఆపేశాడు.

తన ఇంజన్ చచ్చింది.

రెండోది ఆగలేదు.

మళ్లీ తాడు లాగాడు. లేవలేదు. లాగాడు... అరచేతులు చీరుకుపోయి తాడు ఎర్రబడేదాకా లాగాడు. చిన్న ఇంజన్ కిక్కురుమనలేదు. బయట ఆ చప్పుడు మాత్రం తాపీగా రోడ్డు వైపు కదులుతోంది.

ఫోన్ మోగింది.

"బెక్తాస్! బతికిపోయాను," ఊల్‌జాన్ నవ్వుతోంది. వెనకాల ఇంజన్ మోత. "ఎవరో పెద్దాయన ట్రాక్టరు ఎక్కించుకున్నాడు. లోపల భలే వెచ్చగా ఉంది. మనిషే నోరు విప్పడు."

"దిగు... ఊల్‌జాన్, దూకెయ్!"

"ఏంటీ? అరవకు, సరిగ్గా వినపడట్లేదు. వచ్చేశాంలే. అదిగో షెడ్డు, తలుపులో నువ్వు. ఆ లాంతరు అలా ఊపకు, కళ్లలో పడుతోంది."

బెక్తాస్ చేతిలో లాంతరు లేదు. తలుపు అవతల తెల్లటి చీకటి తప్ప ఇంకేమీ లేదు.

ఫోన్‌లో ఇంజన్ ఆగింది. ఆమె బూట్లు మంచులోకి దిగిన చప్పుడు. రెండడుగులు... మూడు...

తర్వాత ఒక మగ గొంతు. మెల్లగా, ప్రేమగా.

"వచ్చావా... వణికిపోతున్నావు. రా, లోపలికి రా, పిచ్చుకా."

ఓతెగెన్ తాత తలెత్తి ఫోన్ వెలుగులో బెక్తాస్ పెదవుల వైపు చూశాడు. అవి కదల్లేదు. కానీ ఆ గొంతు బెక్తాస్‌దే. పడకగదిలో దీపం ఆర్పాక తప్ప, ఆ పేరుతో అతను ఆమెను ఏనాడూ పిలిచి ఎరగడు.