ఆపరేషన్ కుంపటి

“భవాని గారూ, ఇవాళ మీరు తుడవాల్సింది మూడో అంతస్తండి,” అన్నాడు చీఫ్ చలపతిరావు, హౌస్‌కీపింగ్ యూనిఫాం ఉన్న కవరు కారు సీటు మీద పెడుతూ.

ఏజెంట్ భవాని కళ్ళు మాదాపూర్ రోడ్డు మీదే ఉన్నాయి. 2011 సెప్టెంబర్. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. బస్సులు లేవు, ఇవాళ ఆటోలూ లేవు. సిద్దిపేట డిపోలో డ్రైవరైన ఆమె నాన్న సమ్మెలో ఉన్నాడు. తను డ్యూటీలో ఉంది. పొద్దుటి నుంచీ ఆమె మనసు కుదురుగా లేదు.

“విషయం చెప్పండి సార్.”

“మూడో అంతస్తులో డాక్టర్ సుబ్బలక్ష్మి గారి ల్యాబ్. మైనంలో నానో రేణువులు కలిపి ప్యాడ్లు చేశారు. వేడిని గబగబా పీల్చుకుని, గంటల తరబడి దాచుకుంటాయి. సైనికుల గ్లౌజుల్లో పెట్టడానికి. మొత్తం నలభై జతలు. రెండింటికి హకీంపేటలో విమానం. రేపు మంచుకొండ మీద నలభై మంది వాటినే నమ్ముకుని పహరాకి ఎక్కుతారు.”

“మరి శత్రువు?”

“ఓ విదేశీ ముఠా. అసలు ప్యాడ్లు కొట్టేసి, నకిలీవి పెడతారు. ట్రయల్ ఫెయిలైతే ఇక్కడ ప్రాజెక్టు మూతపడుతుంది. అక్కడ వాళ్ళది మొదలవుతుంది.”

“సైనికుల వేళ్ళ సంగతి?”

చలపతిరావు మాట మార్చాడు. “ముఠాలో మన మనిషి ఒకడున్నాడండి. యశ్వంత్. కోడ్ వర్డ్ ‘కుంపటి’.”

యశ్వంత్‌ని గుర్తుపట్టడం కష్టం కాలేదు. విదేశీ కన్సల్టెంట్ వేషం, బూడిదరంగు సూటు, నవ్వితే అంతస్తంతా తలతిప్పి చూసే మొహం. తుడుపుకర్రతో వెళ్తున్న భవాని పక్కన ఆగి, “కుంపటి” అన్నాడు మెల్లగా.

పన్నెండున్నరకి కరెంటు పోయింది. సింగరేణిలో బొగ్గు ఆగినప్పటి నుంచీ ఇది మామూలే. జనరేటర్ అందుకోవడానికి నలభై సెకన్లు పట్టింది. లైట్లు వెలిగేసరికి ప్యాడ్ల పెట్టె ల్యాబ్ బల్ల మీదే ఉంది.

“మీరు బయల్దేరండి,” అన్నాడు యశ్వంత్. “నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.”

సమ్మెలో దారి దొరికేది అంబులెన్సుకే. అది వచ్చేసరికి అరగంట పట్టింది. భవాని పెట్టెతో అందులో ఎక్కింది. కొత్తగూడ దగ్గర రోడ్డు మీద సమ్మెకారుల వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డున రాళ్ళపొయ్యిలు, పెద్ద గుండిగల్లో మరుగుతున్న ఎసరు. జనం అంబులెన్సుకి దారిచ్చారు. వాళ్ళు దారివ్వని నల్లకారు ఒకటి పక్కనే ఇరుక్కుని ఉంది.

వెనక సీట్లో యశ్వంత్. ఒళ్ళో బ్యాగు.

“బండి ఆపు,” అంది భవాని.

ఆమె కారు తలుపు తీసేసరికి అతను నవ్వాడు. “కంగారు పడకండి. ఇవి నకిలీ ప్యాడ్లు. ముఠాకి ఇచ్చి నమ్మించాలి. అసలువి మీ దగ్గరే ఉన్నాయి. త్వరగా వెళ్ళండి, విమానం పోతుంది.”

నమ్మేలాగే ఉంది. టైం ఒంటిగంటా పది. భవాని బ్యాగులోంచి ఒక ప్యాడ్, పెట్టెలోంచి ఒక ప్యాడ్ తీసింది. రెండూ ఒకే నలుపు, ఒకే బరువు. సుబ్బలక్ష్మికి ఫోన్ చేసింది.

“మరిగే నీళ్ళల్లో వెయ్యమ్మా,” అందావిడ. “మా రేణువులు వేడికి దారి వేస్తాయి. అసలుది ముందు కరుగుతుంది.”

పొయ్యి దగ్గర ఎసరు చూస్తున్న ఆడమనిషి తలెత్తింది. కూలిపని చేసే చంద్రమ్మ.

“ఏందమ్మా, పరేషాన్ల ఉన్నవు?”

“అక్కా, జర గిన్నెడు మసిలే నీళ్ళియ్యి. మన జవాన్ల పానం దీనిమీదనే ఉంది.”

చంద్రమ్మ వెంటనే లేచింది. గిన్నె ముంచి ఇచ్చింది. భవాని పెట్టెలోది ఎడమవైపు, బ్యాగులోది కుడివైపు అందులో వేసింది. నిమిషం గడిచింది. చంద్రమ్మ గరిటెతో నొక్కి చూసింది.

“గిదేమో మెత్తగైంది. గిది రాయి లెక్కనే ఉంది.”

కరిగింది బ్యాగులోది.

“తెలివైనవారే,” అన్నాడు యశ్వంత్ వెనక నుంచి. బ్యాగు చాటున పిస్టల్ చంద్రమ్మ వైపు తిరిగి ఉంది. “గిన్నె కింద పెట్టి, నా కారుకి దారి ఇప్పించండి.”

భవాని గిన్నె కిందికి దించుతున్నట్టే వంగి, నీళ్ళన్నీ అతని చేతి మీదికి విసిరింది. అతను అరిచాడు. పిస్టల్ రోడ్డు మీద పడింది. చంద్రమ్మ దాన్ని కాలితో పొయ్యి అవతలికి తన్నేసింది. నలుగురు మనుషులు యశ్వంత్‌ని నేలకి అదిమిపట్టారు.

“పోలీసులకి అప్పజెప్పుండ్రి,” అంటూ భవాని, కిందపడ్డ మెత్తటి ప్యాడ్‌ని బ్యాగులో వేసుకుని, అంబులెన్సు వైపు పరుగెత్తింది. జనమే ముందు నడిచి రోడ్డు ఖాళీ చేశారు.

హకీంపేటలో విమానం మెట్లు తీసేస్తుండగా బ్యాగు పైకి చేరింది. విమానం లేచేదాకా ఆమె రన్‌వే పక్కనే నిలబడింది.

మూడోరోజు మంచుకొండ నుంచి కబురు వచ్చింది. నలభై మందీ క్షేమం. అందరి వేళ్ళూ కదులుతున్నాయి.

చలపతిరావు రిపోర్టు ముందు పెట్టుకుని పెన్ను తీశాడు. “ప్యాడ్లని పరీక్ష చేసిన నిపుణులు ఎవరని రాయమంటారండి?”

“చంద్రమ్మ అని రాయండి సార్,” అంది భవాని. “హోదా అన్న చోట ‘సమ్మెలో ఉన్నారు’ అని పెట్టండి.”