పన్నెండో పేరు

ఇందులో ఒక్క పొల్లు మాట లేదు. నూకాంబిక తల్లి మీద ఒట్టు. ఎక్కడైనా అబద్ధం దొర్లితే నోట్లో మిగిలిన ఈ నాలుగు పళ్ళూ ఈ పూటే రాలిపోనీ.

అచ్యుతాపురం దగ్గర మేఘమాల కోట్ల ఫ్యాక్టరీ అని ఒకటుండేది. దాని షెడ్డు ఎంత పొడవంటే, ఈ చివర ఉగాది పచ్చడి పంచడం మొదలుపెడితే ఆ చివరి మనిషి చేతిలో పడేసరికి వినాయక చవితి వచ్చేది. అందులో నాలుగొందల మంది ఆడవాళ్ళు పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా కోట్లు కుట్టేవారు. కానీ లోపల ఒక్క కుట్టుమిషనూ లేదు. సూది లేదు, దారం లేదు, గుడ్డపీలిక కూడా లేదు. వరసగా కుర్చీలు, మోచేతుల దాకా నల్లటి గ్లౌజులు, కళ్ళకి గానుగెద్దు గంతల్లాంటి అద్దాలు. అందరూ కలిసి గాలిని కుడుతున్నట్టుండేది. కొత్తగా చేరిన సెక్యూరిటీ గార్డు ఒకడు ఆ వైభోగం చూసి, భూతవైద్యుణ్ణి పిలుచుకు రావడానికి మూడు కిలోమీటర్లు పరిగెత్తాడు.

ఆ యంత్రం పేరు తోడుచెయ్యి. కనిపెట్టినాయన డాక్టర్ ఆకొండి కామేశం. ఆయన ఎంత మెతకంటే, దోమ వాలినా కొట్టకుండా “కాస్త జరుగుతారా” అని అడిగేరకం. మొదటిరోజు ఆయనే వచ్చి అందరికీ నేర్పాడు.

“ఇక్కడ మీ చెయ్యి ఎలా కదిలితే, ఎక్కడో దూరాన ఉన్న ఉక్కు చెయ్యి అలాగే కదులుతుందమ్మా. ఈ గ్లౌజులో మూడు వేల సెన్సర్లున్నాయి. మీ వేలు వెంట్రుకవాసి వంగినా శాటిలైట్ దాన్ని మోసుకెళ్ళి అక్కడ అప్పజెబుతుంది.”

“మరి గుడ్డ తగిలినట్టు మాకెలా తెలుస్తుందండి?” అని హైమావతి అడిగింది.

“ఉక్కు చెయ్యి ముట్టుకున్నదంతా తిరిగి మీ గ్లౌజులోకి వస్తుంది. ఉన్ని ఉన్నిలాగే, పట్టు పట్టులాగే. సూది గుచ్చుకున్న నొప్పి మాత్రం రాదు. దాన్ని నేను తీసేశాను.”

“దేవుడికి కూడా ఈ బుద్ధి పుట్టలేదు సుమండీ,” అంది పక్క కుర్చీలోని నూకరత్నం.

హైమావతి చెయ్యి సామాన్యమైన చెయ్యి కాదు. ఆమె కాలరు కుడితే, ఆ కోటు తొడుక్కున్నవాడు చెప్పే అబద్ధం కూడా నిజంలా వినపడేదట. అందుకే యంత్రానికి ఆమెది మాస్టర్ చెయ్యి. రోజూ ఆమె కుట్టిన కొత్త కుట్టుని, అది పడిన గుడ్డతో సహా, యంత్రం గుర్తుపెట్టుకునేది. మధ్యాహ్నం మూడింటికి కామేశం దాన్ని చూసి సరే అని బటను నొక్కేవాడు. ఆ మరుక్షణం కంపెనీకి పదిహేడు దేశాల్లో ఉన్న ఉక్కు చేతులన్నీ ఆ కుట్టు నేర్చేసుకునేవి.

ఆమెకి ఒక అలవాటుంది. పనిలో కూర్చోగానే మిషన్ని ముట్టుకుని కళ్ళకి అద్దుకోవడం. వాళ్ళమ్మ నేర్పింది. ఇక్కడ మిషను లేకపోతేనేం, చెయ్యి ముందుకి చాచేది. ఎక్కడో ఉన్న మిషను చల్లగా వేళ్ళకి తగిలాక, ఆ వేళ్ళు తెచ్చి కళ్ళకి అద్దుకునేది. ట్రైనరు రెండు సెకన్లు దండగని కసిరాడు. “అన్నం పెట్టేదానికి దండం పెట్టకపోతే చెయ్యి ఆడదండి,” అంది. వాడే మానుకున్నాడు.

ఫ్యాక్టరీలో ఒక ఇబ్బంది ఉండేది. గ్లౌజు తియ్యాలంటే ఆఫీసులో కూర్చున్నవాడు బటను నొక్కాలి. వేళ్ళు తిమ్మిరెక్కినా, బాత్రూముకి వెళ్ళాలన్నా, ముక్కు మీద దురద పుట్టినా వాడి దయ. అడగడానికి సంఘం లేదా అంటే, ఉంది. మేఘమాల కుటుంబ సంఘం. దాని అధ్యక్షుణ్ణి మేనేజరు సుదర్శన్ వేసేవాడు. మీటింగంటే మైసూరు బోండా, అల్లం చట్నీ, చివర్లో చప్పట్లు.

“మన సంఘానికి పెద్దని ఆఫీసోడు ఎయ్యడవేటే?” అంది నూకరత్నం ఒకరోజు టిఫిన్ బాక్సు విప్పుతూ. “మేకల తరపున మాటాడ్డానికి పులి తన మేనల్లుణ్ణి పంపినట్టుంది.”

పదకొండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే బాక్సు. పప్పు హైమావతి తెస్తే కూర నూకరత్నం తెచ్చేది. ఆ సోమవారం మాత్రం నూకరత్నం కూరతో పాటు ఒక కాగితం కూడా తెచ్చింది. మా సంఘం మేమే పెట్టుకుంటాం, మా పెద్దని మేమే ఎన్నుకుంటాం అని రెండే ముక్కలు. కింద పది సంతకాలు, పైన తనది.

“పెట్టు.”

“రేపు పెడతానే.”

మంగళవారం కూడా రేపే అంది. బుధవారమూ రేపే. భయం. వేరే కారణమేమీ లేదు. గురువారం పొద్దున్న గేటు దగ్గర పదకొండు మంది కార్డులకి ఎర్ర లైటు వెలిగింది. ఇక లోపలికి రానక్కర్లేదన్నారు.

శుక్రవారం సుదర్శన్ హైమావతిని పిలిచాడు. “ఆ కాగితం మీద నీ పేరు లేదు. అలాంటి మనిషే మాకు కావాలి,” అని శాలువా కప్పి కుటుంబ సంఘానికి అధ్యక్షురాలివన్నాడు. వద్దండీ అందామని హైమావతి నోరు తెరిచింది. సుదర్శన్ అందులో బోండా పెట్టాడు.

నూకరత్నం గేటుకి ఎదురుగా మరమరాల ముంతకింద పప్పు బండి పెట్టుకుంది. ఆ బండి ముందు నుంచి రోజూ రెండుసార్లు నడవాలి. మే నెల ఎండకి తారు కరిగి రోడ్డు మీద కాకులు అంటుకుపోతుంటే, హైమావతి ఉన్ని శాలువా ముఖం నిండా కప్పుకుని దాటేది. ఆ ఎండలో శాలువా కప్పుకున్న మనిషి భూలోకంలో ఇంకెవరుంటారు? పది మైళ్ళ నుంచైనా గుర్తుపడతారు. నూకరత్నం మాత్రం అటు చూడకుండా ఉల్లిపాయలు తరుక్కునేది.

నెల తిరక్కుండా సుదర్శన్ నలభై మందిని ఏరి కొత్త లైనులో వేశాడు. ముందు కుర్చీ హైమావతిది.

“ఇది ఏ ఊరి ఫ్యాక్టరీ అండి?”

“జావా దీవిలోది. అక్కడివాళ్ళు సెలవులో ఉన్నారు. ఆర్డరు ఆగకూడదు.”

అద్దాల్లో ఎప్పటిలాగే గుడ్డ, దారం, ఉక్కు చేతులు తప్ప ఇంకేమీ కనపడవు. మిగతా లోకమంతా మజ్జిగ ఒలకబోసినట్టు తెల్లగా ఉంటుంది. చూపు చెదరకుండా అలా పెట్టామనేవారు ఆఫీసువాళ్ళు. మూడు రోజులు హైమావతి మెరుపులా కుట్టింది. ఆ వేగానికి జావాలో సూదులు పొగలు కక్కాయి.

నాలుగో రోజు పొద్దున్న మిషన్ని తాకి వేళ్ళు కళ్ళకి అద్దుకుంది. మళ్ళీ చెయ్యి చాచేలోగా ఎవరో ఆ చెయ్యి పట్టుకున్నారు.

ఆమె గుండె ఆగిపోయింది. పూర్తిగా పావుగంట ఆగిందని ఆమే చెప్పేది.

గ్లౌజులోకి వస్తున్నది గుడ్డ కాదు, ఇనుమూ కాదు. మనిషి చెయ్యి. వెచ్చగా ఉంది. చూపుడువేలి కొసన సూది పోట్లతో గట్టిపడ్డ చర్మం, నడిమివేలి పక్కన కత్తెర ఒరిపిడికి కాసిన కాయ. తన చేతికి ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడే. ఆ చెయ్యి ఆమె చేతిని ఒకసారి నొక్కి, కళ్ళ ముందు ఒక గుడ్డ పరిచింది. గుడ్డ కదా, అద్దాలు ఆపలేదు.

దాని మీద ఎర్రదారంతో ఏవో కుట్టి ఉన్నాయి. ఎండ్రకాయలు నడిచి వెళ్ళినట్టున్న గీతలు. తెలుగు అక్షరాలు అని పోల్చుకోడానికే కాసేపు పట్టింది. తెలుగు ముక్క రానివాళ్ళు కాగితం చూసి బొమ్మ వేసినట్టు కుట్టారు. మొదటి పేరు నూకరత్నం. దాని కింద పది పేర్లు. అది ఆ కాగితమే. పన్నెండో చోటు ఖాళీ.

మధ్యాహ్నం గ్లౌజు విప్పగానే హైమావతి కామేశం గది తలుపు తోసింది.

“సార్, జావా వాళ్ళు సెలవులో ఉన్నారా?”

ఆయన చదువుతున్న జావా రిపోర్టు బోర్లించాడు. “లేదమ్మా. సమ్మెలో ఉన్నారు. మిషన్ల పక్కనే నేల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. వాళ్ళకి సొంత సంఘం ఉంది. నూకరత్నం గారు ఆ కాగితం జతచేసి రాసిన ఉత్తరం దేశాలు తిరిగి వాళ్ళకి చేరింది. ఈ పదకొండు మందిని తీసుకునేదాకా మేమూ కుట్టమన్నారు.”

“మన నూకరత్నం కోసమా? దాని మొహం కూడా చూడనివాళ్ళా?”

“అవును.”

హైమావతి తన చేతులకేసి చూసుకుంది. “అయితే ఆళ్ళ సమ్మె చెడగొడుతున్నది నా చెయ్యేనన్నమాట.”

“మీరంతా మనుషులని అక్కడ ఎవరికీ తెలీదు. ఇవి రోబోలు, వాటంతట అవే పనిచేస్తాయని చెప్పారు. కానీ ఒక చెయ్యి రోజూ ఎనిమిదింటికి మిషన్ని ముట్టుకుని, ఇంత ఎత్తున గాలిలో రెండుసార్లు అద్దుతోందట. రోబో ఎవరికి దండం పెడుతుంది అనుకుంది వాతి అనే ఆవిడ. అందుకే వచ్చి పట్టుకుంది.”

“మీకు ముందే తెలుసా సార్ ఇదంతా?”

కామేశం జేబు తడుముకున్నాడు. “గని కూలితే లోపలివాళ్ళని బయటికి లాగడానికి చేశానమ్మా ఈ చెయ్యి. ఇలా వాడుతున్నారని తెలిసినరోజే రాజీనామా రాశాను. జేబులో ఉంది. రేపిద్దాం, రేపిద్దాం అనుకుంటున్నాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. గోడ మీద ఉన్న క్యాలెండరుకేసి చూశారు. దానికి కూడా సిగ్గేసి పేజీ తిప్పుకుందంటే నమ్మాలి.

హైమావతి తిరిగొచ్చి గ్లౌజు తొడుక్కుంది. కాలరు ముక్కలు పక్కకి నెట్టింది. చెయ్యి చాచి ఆ ఎర్రదారం గుడ్డ అడిగింది. అవతలి చెయ్యి అందించింది. పన్నెండో చోట, జన్మలో ఎప్పుడూ కుట్టనంత సన్నని కుట్టుతో, తన పేరు కుట్టుకుంది. నాలుగు అక్షరాలకి నలభై నిమిషాలు పట్టింది. కళ్ళద్దాల్లో నీళ్ళు నిండి చేపలు ఈదేటంత అయింది.

పక్క కుర్చీలవాళ్ళ అద్దాలకీ గుడ్డ కనపడుతుంది కదా. ఒక్కొక్కరే కుట్టడం ఆపారు. జావాలో నలభై జతల ఉక్కు చేతులు, నేల మీద కూర్చున్నవాళ్ళ చేతుల్లాగే, కట్టుకుని నిలబడిపోయాయి.

మూడయింది. కామేశం ముందున్న తెర మీద ఆ రోజు మాస్టర్ కుట్టు వచ్చింది. పన్నెండు పేర్లూ ఉన్నాయి. పొరపాటని కొట్టెయ్యడం ఆయన ఉద్యోగం. ఆయన ముందుగా జేబులోంచి రాజీనామా తీసి బల్ల మీద పెట్టాడు. తరవాత, కాస్త కూడా మెతకగా కాకుండా, సరే నొక్కాడు.

ఆ సాయంత్రం పదిహేడు దేశాల్లో ఉక్కు చేతులు ప్రతి కోటు కాలరు లోపలా పన్నెండు పేర్లు కుట్టాయి. ముప్ఫై లక్షల కోట్లు. సరే, ముప్ఫై వేలు. మంచు కురిసే ఊళ్ళలో జనం మెడ దగ్గర ఏదో గరగరమంటోందని విప్పి చూసుకున్నారు. “ఎవరు వీళ్ళు?” అని అడిగారు. అడిగినకొద్దీ ఒక్కో దేశంలో ఒక్కో ఫ్యాక్టరీ చేతులు కట్టుకుంది. పంతొమ్మిదో రోజున పదకొండు మంది కార్డులకీ పచ్చ లైటు వెలిగింది. సంఘం వాళ్ళే పెట్టుకున్నారు. గ్లౌజు బటను ఎవరిది వాళ్ళ చేతికే వచ్చింది.

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండును.

ఆ పన్నెండు పేర్లలో పదకొండు ఎండ్రకాయ రాతలు. పన్నెండోది ముత్యాల కోవ. లోకం కళ్ళు దాని మీదే పడ్డాయి. హైమావతి కోటు అని పేరొచ్చింది. సంఘాలవాళ్ళ దగ్గర్నుంచి, చలిదేశాల బడిపంతులమ్మల దగ్గర్నుంచి ఉత్తరాలొచ్చాయి, ధైర్యవంతురాలా అంటూ. పోస్టుమాన్ మోయలేక ఏనుగుని అద్దెకి తెచ్చుకున్నాడు. జావాలో మహాసభ పెట్టి ఇద్దర్నీ పిలిచారు. నూకరత్నాన్ని ముందు వరసలో, హైమావతిని వేదిక మీద కూర్చోబెట్టారు. వాతి వచ్చి ఆమె చెయ్యి తడిమి చూసి, కన్నీళ్ళు పెట్టుకుని, ఏదో అంది. పక్కనున్నవాడు తెలుగులో చెప్పాడు.

“వెనకుండి ఆ కాగితం రాయించింది మీరేనట కదా అంటోంది.”

హైమావతి నోరు తెరిచింది. ఈసారి అందులో ఎవరూ బోండా పెట్టలేదు. అయినా మాట రాలేదు. జనం చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది నూకరత్నం.

మర్నాడు విమానంలో నూకరత్నం బాక్సు విప్పి మధ్యలో పెట్టింది. “చింతచిగురు పప్పే. తిను,” అంది. వేదిక మీద నిజం ఎందుకు చెప్పలేదని అప్పుడూ అడగలేదు, ఆ తరవాత ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడూ అడగలేదు. అడిగితే హైమావతి చెప్పేసి ఉండేది కదా.

సరే, విన్నావుగా. ఇక లే. ఆ మంచం కింద ట్రంకుపెట్టె ఉంది, లాగు. అందులో నా పేరు మీదొచ్చిన ఉత్తరాలన్నీ ఆ పాత శాలువాలో మూటకట్టు. రోడ్డుకి అవతల పచ్చగేటు ఇల్లు. నూకరత్నం అరుగు మీదే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ ఉంటుంది. మూట ఆవిడ ఒళ్ళో పెట్టి, ఇవన్నీ నీవి, ముప్ఫై ఏళ్ళుగా అడ్రసు తప్పి వచ్చాయి అని చెప్పు. ఆవిడేమన్నా ఎదురు చెప్పకు, విని రా. నేనే వెళ్దును గానీ మోకాళ్ళు రోడ్డు దాటనివ్వవు. పొద్దున్న రైతుబజారుకి ఎవరు నడిచెళ్ళారని అడక్కు. మొత్తం కథలో అబద్ధం ఆ ఒక్కటే.

ఇప్పుడే వెళ్ళు. రేపు వెళ్తానని మాత్రం అనకు.