గట్టి పరుపు అడిగిన అమ్మాయి

షాపులోకి వచ్చిన అమ్మాయి అటూ ఇటూ చూడకుండా, అద్దం ముందు పరిచిన ఖరీదైన పరుపు మీద మడమతో ఒక్క తొక్కు తొక్కింది. కౌంటర్ వెనకున్న మనవాడి ప్రాణం విలవిల్లాడింది.

"ఏవండీ! అది పడుకోవడానికి!"

"నాకు పడుకోవడానికి కాదు, పడడానికి కావాలి. ఇంతకంటే గట్టిది లేదా?"

మనవాడికి కోపం రావాల్సిందే. వచ్చేదే కూడా. కానీ సరిగ్గా అప్పుడే ఆమె తలెత్తి చూసింది, వచ్చిన కోపం దారి మరిచిపోయింది. పరుపులు కుట్టడంలో చేయి తిరిగిన మనిషే గానీ, అమ్మాయిలతో మాట్లాడడంలో మాత్రం వట్టి సున్నా. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

"అంతకంటే గట్టిదంటే... నేల ఉంది కదండీ," అన్నాడు. అనేసి, 'ఓరి నా మొహం మండ, ఇదా నీ జోకు' అని తనను తానే తిట్టుకున్నాడు.

ఆమె నవ్వింది. అంతే, అయిపోయింది మనవాడి పని.

ఆమె జూడో టీచర్. పిల్లలకు నేర్పే హాలును దాని ఓనరు గోడౌనుకు ఇచ్చేశాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది గానీ కింద సిమెంటు నేల. రెడీమేడ్ మ్యాట్లు కొనే స్తోమత లేదు. అందుకని పాత సోఫాల ఫోము ముక్కలు దట్టించి, పైన టార్పాలిన్ బిగించి కుట్టివ్వమంటోంది.

"పాదం దిగకూడదు. దిగితే చీలమండ మెలిక పడుతుంది. అర్థమైందా?"

"బాగా అర్థమైందండీ," అన్నాడు. నిజంగానే అర్థమైంది. తప్పు తరవాత చేశాడు.

కొలతలు తీసుకోవడానికి వెళ్ళేసరికి, షెడ్డులో ఆమె నాన్నగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. చేతులు ఇంకా స్టీరింగు మీదున్నట్టే బిగుసుకుని ఉన్నాయి.

"చూడు బాబూ, కిందటేడు పోటీలో మా అమ్మాయి భుజం విరిగింది. ఆ కేక ఇంకా నా చెవుల్లో ఉంది. అందుకే ఆదివారం నా ఎదురుగా ఎవరినైనా పడేసి చూపించమన్నాను. పడ్డవాడికీ పడేసినదానికీ ఏమీ కాకపోతే షెడ్డు దానిది. దెబ్బ తగిలిందా, తాళమే. జూడో గీడో బంద్."

"పడేవాళ్ళెవరు నాన్నా? పిల్లలతో చేయించలేను కదా," అంది టీచర్.

"నేనున్నానండీ!"

ఆ మాట ఎవరన్నారా అని మనవాడు వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. మెట్లెక్కితే ఆయాసం వచ్చే శాల్తీ, పరుపుల మీద దొర్లడం తప్ప వేరే వ్యాయామం ఎరగనివాడు, తనే అన్నాడు.

ఆ వారమంతా సాయంత్రాలు ఆమె షాపుకొచ్చి అతనికి పడడం నేర్పింది. గడ్డం ఛాతీకి ఆనించాలి, వీపు తగిలేలోపు చేత్తో నేలను చరచాలి.

"మీరు పడడం లేదండీ, కూలిపోతున్నారు."

"పునాది లేని ఇల్లు మరి. కొంచెం ఓపిక పట్టండి."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఓసారి భుజం పట్టుకుని ముఖం చిట్లించింది. మనవాడి గుండె కలుక్కుమంది. మర్నాడు మ్యాట్లు కుడుతూ, ఫోము ముక్కల పైన తన దగ్గరున్న అన్నిటికంటే మెత్తని ఫోము ఒక పొర పరిచాడు. ఆమెకు చెప్పలేదు.

షాపులో భాగస్తురాలైన అక్క అది చూసింది. "ఆ అమ్మాయి అడిగింది ఇదేనా?"

"కాదనుకో. కానీ పాపం, ఆ భుజం..."

"ఒరేయ్, కస్టమరు చెప్పినట్టు కుట్టరా. నీ గుండె చెప్పినట్టు కాదు."

"నీకు తెలీదులే అక్కా."

తెలియనిది ఎవరికో ఆదివారం తేలిపోయింది.

నాన్నగారు మ్యాటు నొక్కి చూసి, "అబ్బ, ఏం పనితనం!" అన్నారు. మనవాడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. టీచర్ పాదం మోపింది. ముఖం వాడిపోయింది.

"ఏం పెట్టారు దీంట్లో?" అంది గొంతు తగ్గించి.

"ఊఁ, కానివ్వండి!" అన్నారు నాన్నగారు.

చేసేదేం లేక ఆమె అతని కాలరు పట్టుకుని గిర్రున తిరిగింది. ఒళ్ళు తిరిగింది గానీ, మెత్తటి పొరలో కూరుకుపోయిన పాదం తిరగలేదు. ఇద్దరూ కుప్పలా పడ్డారు. పప్పులో కాలేసింది మనవాడు, బెణికింది ఆమె కాలు.

నాన్నగారు తాళం చేతికి తీసుకున్నారు. "చాలు. చూశాను."

టీచర్ పెదవి కొరుక్కుంది గానీ అతని పేరు ఎత్తలేదు. మనవాడు కిక్కురుమనకుండా ఉంటే బతికిపోతాడు. నింద జూడో మీదికి పోతుంది. ఆమె క్లాసులూ పోతాయి. అతను లేచి నాన్నగారికి ఎదురుగా వెళ్ళాడు.

"సార్, తప్పు ఆటది కాదు, నాది. ఆవిడ గట్టిగా కుట్టమన్నారు. నేనే చెప్పకుండా మెత్తటి పొర వేశాను."

"ఎందుకు వేశావయ్యా?"

"ఆవిడకి దెబ్బ తగలకూడదని."

"నేను తాళం వేసేదీ అందుకేగా!"

"అవును, ఇద్దరూ ఒక్కటే!" అంది టీచర్. కాలు రెండు చేతులా పట్టుకుని ఉంది, కళ్ళనిండా నీళ్ళు. "ఒకరు తాళం వేస్తారు, ఒకరు ఫోము వేస్తారు. నాకేం కావాలో నోరు విప్పి చెప్పినా వినరేం?"

తోడుదొంగల్లా ఇద్దరూ తలలు దించుకున్నారు.

మనవాడు సంచీలోంచి బ్లేడు తీసి కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. మెత్తటి పొర లాగి బయట పడేసి మళ్ళీ కుట్టసాగాడు. కాసేపు చూసి, నాన్నగారు తాళం కుర్చీలో పెట్టి వచ్చి టార్పాలిన్ రెండో అంచు బిగించి పట్టుకున్నారు. అన్నీ అయ్యాక టీచర్ మంచి కాలితో గట్టిగా తొక్కింది. పాదం దిగలేదు.

"నేనడిగింది ఇదీ! ఇక ఈయన్ని మీరే పడేయండి నాన్నా. ఎలాగో నేను చెబుతాను."

"నేనా!" అన్నారు గానీ, ఆయన కళ్ళలో హుషారు దాగలేదు. మనవాడి కాలరు దొరకబుచ్చుకుని, కాలు అడ్డం పెట్టారు. "మెల్లగానా, గట్టిగానా?"

"ఆయన్నే అడగండి," అంది కూతురు.

"గట్టిగానే వేయండి మామయ్యా."

నాన్నగారి చెయ్యి కాలరు మీదే ఆగిపోయింది. ఇప్పటిదాకా సార్ అన్నవాడు మామయ్యా అంటాడేమిటి?

"ఏమన్నావు?"

నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవాలని మనవాడికి అనిపించలేదు. "మామయ్యా అన్నానండీ. మీ అమ్మాయికి ఇష్టమైతేనే. అడగకుండా ఇక ఏదీ చేయను." ఆమె వైపు తిరిగాడు. "మీరంటే నాకు చాలా ఇష్టమండీ. మరి మీకు..."

"ముందు గడ్డం ఆనించండి," అంది ఆమె, సిగ్గుతో ఎర్రబడిన ముఖం పక్కకు తిప్పుకుంటూ. "లేచాక అడగండి."

అతను అడిగినదానికంటే కొంచెం గట్టిగానే వేశారు మామయ్య. మనవాడి చెయ్యి మ్యాటును ఫట్‌మని చరిచింది. దెబ్బ తగల్లేదు.

"షెడ్డు నీదేనే తల్లీ," అన్నారాయన రొప్పుతూ.

మనవాడు దుమ్మైనా దులుపుకోకుండా లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. "మరి మీకు నేనంటే..."

"ఇష్టమేనండీ," అంది, అతను అడగడం పూర్తికాకముందే.