నక్కల గొందిలో కంపు

నక్కల గొంది పేరెత్తితే మా ఊళ్లో ముసలాళ్లు ఇప్పటికీ ముక్కు మూసుకుంటారు. దెయ్యం ఉందని కాదు... కంపని. మా ఊరు కోంబ్ ఫిడాక్‌లో దెయ్యాలకేం కొదవ లేదు. చర్చి గంటల గదిలో ఒకటి, సారా కొట్టు మెట్ల మీద ఒకటి, వాటి మానాన అవి ఉన్నాయి. కానీ కుళ్లు కంపు కొట్టే దెయ్యం మాత్రం ఈ ఒక్క గొందిలోనే ఉండేది.

ఇది నేను చూసింది కాదు, మా నాయనమ్మ మార్తా చూసింది. చెప్పినప్పుడల్లా మధ్యలో ఆపి పొయ్యిలోకి తుపుక్కున ఉమ్మేది. ఆవిడ ఎందుకు ఉమ్మేదో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

గొంది దొరగారి బంగళా తోటగోడ వెనకనుంచి పోతుంది. మా పేటనుంచి చర్చికి అదే దగ్గరి దారి. పొద్దు వాలాక అందులో అడుగుపెడితే ముందు వాసన వచ్చేదట — పురుగు పట్టిన మాంసం వాసన. తర్వాత సన్నగా ఏడుపు. ఆ తర్వాత చెట్ల మధ్య తెల్లగా ఏదో కదిలేది... ఉరేసుకున్న సన్యాసిని అని కొందరు, మంత్రగత్తె అని కొందరు. ఒకసారి చూసినవాడు రెండోసారి ఆ దిక్కుకు పోలేదు. రానురాను పగలు కూడా మానేశారు. చుట్టూ తిరిగి, వాగు దాటి చర్చికి పోయేవాళ్లు.

మా తాతయ్య ఎనాక్ తల్లి కెజాయా కూడా అంతే. ప్రార్థన మానదు, గొందిలో కాలు పెట్టదు. నవంబరు వానల్లో మోకాలు దాటిన నీళ్లలో దిగి చర్చికి వెళ్లింది. ఆ తడిబట్టలతోనే కూర్చుంది, ఆ తడిబట్టలతోనే ఇంటికొచ్చింది. రాత్రికి దగ్గు పట్టింది. ఆ దగ్గు ఇక వదల్లేదు. "చర్చి దగ్గర మీ నాన్న పక్కనే పెట్టండిరా" అని ఆఖరి మాటగా అడిగి, కన్ను మూసింది.

తాతయ్య కంచెలు కట్టేవాడు. ఆయన తమ్ముడు సైలాస్ దొరగారి అడవికి కాపలాదారు, బంగళా గేటు దగ్గరే కాపురం. తల్లి పోయిందని కబురంపితే, దొరగారు వేటకు వెళ్తున్నారు, సెలవు లేదు, చర్చి దగ్గరికే నేరుగా వస్తానన్నాడు. సొంత తల్లి పోతే సెలవేంటి, ఛీ.

ఇంతలో వాగు పొంగింది. తగ్గుతుంది తగ్గుతుందని చూశారు. తగ్గలేదు. ఆ ఒక్క గదిలోనే శవపేటిక, ఆ గదిలోనే పొయ్యి, ఆ గదిలోనే తిండి. చివరికి నాయనమ్మకు రొట్టె నోట్లో పెట్టుకున్నా అదే వాసన వచ్చేదట. తాతయ్య ఇక ఆగలేక, గొందిలోంచే తీసుకుపోతానన్నాడు.

ఆ మాట బంగళాకు ఎలా చేరిందో, దొరగారి గుమాస్తా దిగాడు. గుమ్మంలోనే నిలబడి, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని మాట్లాడాడు. పశువుల బీడులో గుంట తీసి పెట్టేయండి, పాదిరీగారే ఇక్కడికొచ్చి నాలుగు మాటలు చదువుతారు, గొందిలోకి తీసుకెళ్తే పాపం ముసలమ్మ ఆత్మను ఆ దెయ్యం వదలదు అని తెగ జాలిపడ్డాడు. జాలంతా మాటల్లోనే, లోపలికి మాత్రం ఒక్క అడుగు వేయలేదు.

ఆయన వెళ్లాక, పెట్టె చేసిన వడ్రంగి అబెల్ అన్నాడట, వాళ్ల భయం దెయ్యం గురించి కాదని. మా వైపు ఒక నమ్మకం ఉంది. ఏ దారిలోనైనా ఒక్కసారి శవాన్ని మోసుకుపోతే ఆ దారి ఇక ఎప్పటికీ ఊరిదే. ఎంతటి దొరైనా గేటు పెట్టడానికి లేదు. చట్టంలో ఉందో లేదో నాకు తెలీదు గానీ అందరూ నమ్మారు, దొరగారు కూడా.

తాతయ్యకు దారి గొడవ పట్టలేదు. తల్లిని తండ్రి పక్కన పెట్టాలి, అంతే.

శీతాకాలం, సాయంత్రమే చీకటి పడిపోయింది. తాతయ్య, అబెల్, పక్కింటివాళ్లు ఇద్దరు పెట్టె భుజాన వేసుకున్నారు. ముందు లాంతరు పట్టుకుని నాయనమ్మ.

తోటగోడ మలుపు తిరిగేసరికి... వచ్చింది. కంపు. ఆ వెంటనే ఏడుపు — సన్నగా, సాగదీసి...

పక్కింటివాళ్లిద్దరూ పెట్టె వెనక్కొస నేలకు దించి ఒకటే పరుగు. తాతయ్య, అబెల్ కూడా ముందుకొస దించక తప్పలేదు.

చెట్లలోంచి తెల్లటిది బయటికొచ్చింది. ఒళ్లంతా పచ్చటి జిడ్డు కారుతోంది. మెడలో పేగులు వేలాడుతున్నాయి. నాయనమ్మ లాంతరు ఇంకాస్త పైకెత్తింది.

"పెట్టె... వెనక్కి తిప్పండి..." అని మూలిగింది అది.

తాతయ్య కదల్లేదు. తల్లిని ఆ నేల మీద వదిలేసి ఎక్కడికి పోతాడు?

"నువ్వే దెయ్యానివి కదా," అన్నాడు నెమ్మదిగా. "శవమంటే నీకెందుకు భయం?"

తెల్లటిది రెండడుగులు ముందుకేసింది. ఆగింది. ఒంగి... భళ్లున కక్కుకుంది. తన కంపు తనకే పడలేదు. మూతి తుడుచుకుని, ఏడుపు గొంతుతోనే అంది —

"దొరగారు నన్ను గెంటేస్తారు, అన్నా..."

తాతయ్యను ఈ భూమ్మీద అన్నా అని పిలిచేవాడు ఒక్కడే.

తాతయ్య ఆ తెల్ల దుప్పటి పట్టి లాగేశాడు. కింద సైలాస్. మెడలో కుళ్లిన కుందేళ్ల పేగులు, మొహం నిండా గొర్రె కొవ్వు. ఎన్నాళ్ల నుంచో దొరగారు చెప్పినట్టే చేస్తున్నాడట. జనం రాకపోతే దారి మూసి తోటలో కలుపుకోవచ్చని దొరగారి ఆలోచన. తిండి దొరగారిది, ఇల్లు దొరగారిది, ఏం చేయనన్నా అని ఏడ్చాడు. నాయనమ్మ ఉమ్మింది, నేల మీద కాదు, అతని మొహం మీదే.

తాతయ్య కొడతాడనుకుంది నాయనమ్మ. కొట్టలేదు. "పట్టు," అన్నాడు.

వెనక ఒక వైపు సైలాస్ భుజం పెట్టాడు, లాంతరు పెట్టె మీద పెట్టి రెండో వైపు నాయనమ్మ పట్టింది. ఆ పేగులు మెడలో అలాగే ఉన్నాయి, తీయడానికి చేతులు ఖాళీ లేవు. ఆ కంపులోనే గొంది దాటారు. ఆ రోజు నుంచి గొంది ఊరిదే, ఈ ఆదివారం నేనూ అందులోంచే చర్చికి వెళ్లొచ్చాను.

చర్చి దీపం కనబడుతుండగా సైలాస్ మెల్లగా అడిగాడట.

"అమ్మకి... తెలుసా అన్నా? అది నేనేనని?"

తాతయ్య వెనక్కి తిరక్కుండానే చెప్పాడు.

"తెలిస్తే వాగులో ఎందుకు దిగుతుందిరా?"