మిర్చి కళ్లంలో సూర్యుడు

"ఎవలు సార్ గీ పిండి పోసింది? నా మిర్చి ఏడ ఆరబొయ్యాలె?"

మరిపెడలోని ఆ జూనియర్ కాలేజీ గ్రౌండులో మిర్చి ఆరబోసుకోవడం ఊరి ఆనవాయితీ. ఆ సంగతి తెలియని కొత్త ఫిజిక్స్ లెక్చరర్ శ్రీపాల్, ఆదివారమంతా ఒక్కడే వంగి ముగ్గుపిండితో పెద్ద సూర్యుడిని గీశాడు. తెల్లారేసరికి మిర్చి బస్తాలతో ఊళ్లోని రైతుబిడ్డ రజని దిగింది.

"ఇది సూర్యుని లోపలి భాగమండీ. పిల్లలకు ఫ్యూజన్ చెప్పాలె."

"సూర్యుడు పైన్నే ఉన్నడు గద సార్, చూపియ్యుండ్రి!" అంటూ చీపురందుకుంది. సగం సూర్యుడు మట్టిలో కలిశాడు.

న్యాయంగా శ్రీపాల్‌కు కోపం రావాలి. రాలేదు. సొంతూరు మొగుళ్లపల్లి నుంచి వచ్చాక క్లాసులో తప్ప ఇంకెక్కడా అతనితో ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు మరి! అద్దెగది, కర్రీపాయింటు పప్పు, ఫోను. సెలవు రోజైతే పాలవాడితో అన్న రెండు మాటలే ఆ రోజుకు మాటలు.

ఆనాటి నుంచి ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే కాళ్లు మిర్చి వైపే లాగేవి. అక్కడ రజని మిర్చి మీదికొచ్చే మేకలను తోలుతూ పొద్దంతా ఒక్కతే కూర్చునేది. డిగ్రీ అయిపోయింది, స్నేహితురాళ్లంతా పెళ్లిళ్లయి వెళ్లిపోయారు. ఇతను వచ్చి ఘాటుకు తుమ్మేవాడు, ఆమె నవ్వేది. తర్వాత మాట దొరక్క చెరో దిక్కు చూసేవారు. ఇద్దరికిద్దరే!

ఒకరోజు రజని తండ్రి దేవదాసు బస్తాలు కుట్టడం మొదలుపెట్టాడు. రేపు సరుకు మార్కెట్‌కు పోతుంది. ఇక ఆమె రాదు. బెల్లు కొట్టినా శ్రీపాల్ క్లాసుకు కదల్లేదు.

"సార్, గా సూర్యుని ముచ్చట చెప్పనే లేదు," రజనే అంది.

"లోపల ప్రోటాన్లని సన్న కణాలుంటయ్. ఒకదానికొకటి పడది, దగ్గరికొస్తే నూకేసుకుంటయ్. గంత వేడి, గంత ఒత్తిడి ఉన్నా ఒక్కోదానికి జత కుదరనీకి వందల కోట్ల ఏండ్లు పడ్తది."

"అయ్యో! గన్నేండ్లు ఒక్కటే ఉంటదా?"

"ఉంటది. ఆఖరికి నాలుగు కలిసి హీలియం అయినంక మాత్రం బరువు జర తగ్గుతది. గా తగ్గిందే మనకు ఎండయి వస్తది."

రజని కింద పడ్డ మిరపకాయ తీసి తొడిమ తుంచింది.

"నాకీడ ఎవలూ లేరు రజనీ," అన్నాడు శ్రీపాల్. "నువ్వు రాకుంటే నేనెట్లుండాలె? నువ్వంటే నాకు చాన ఇష్టం."

ఆమె కళ్లు నిండాయి. గబుక్కున తుడుచుకుంది, అదే మిర్చి చేత్తో!

"అమ్మో, మంట!"

శ్రీపాల్ పరేషానై బాటిల్ నీళ్లన్నీ ఆమె కళ్ల మీద పోశాడు. దేవదాసు దబ్బనం పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు బాపు, మిర్చి చెయ్యి తాకింది."

తండ్రి గొణుక్కుంటూ వెనక్కి మళ్లాడు. రజని ఎర్రబడ్డ కన్ను ఒకటి తెరిచి, మెల్లగా అంది.

"రేపు ఇంటికొచ్చి బాపుతోని మాట్లాడు. గన్నేండ్లు ఆగుడు నాతోని కాదు."