ఒద్దిక సర్దిన శుభలేఖ

2079 నాటికి కాకినాడలో తెర కాని వస్తువు లేదు. లిఫ్టు తలుపు తెర, కంచం అంచు తెర, చివరికి బొటనవేలి గోరు కూడా తెరే. ఒకే వెబ్ పేజీ గోడ మీద గోడంతా, గోటి మీద గోరంతా కనిపించాలి. ఇన్ని కొలతలకు పేజీలు సర్దలేక డిజైనర్లకు తల ప్రాణం తోకకు వచ్చింది.

అప్పుడు డాక్టర్ వకుళ ‘ఒద్దిక’ అనే మాట్లాడే సర్దుబాటు యంత్రాన్ని కనిపెట్టింది. అది తెర రెజల్యూషన్‌నూ బ్రౌజర్ వెడల్పునూ కొలిచి ఊరుకోదు. చదివేవారి చూపు నిలిచిన ముక్కను పెద్దది చేస్తుంది, చూపు పడని ముక్కను మడిచి దాచేస్తుంది. ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదని వకుళ నమ్మకం.

మొదటి పరీక్ష ఇంట్లోనే వచ్చింది. ఆమె బాబాయి గవర్రాజు చిన్నకూతురు లాస్య పెళ్లి. పెద్దకూతురి పెళ్లి శుభలేఖలో గవర్రాజు బావగారి పేరు గోటి తెర మీద పట్టక ఎగిరిపోయింది. ఆయన భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. అయిదేళ్లుగా మాటల్లేవు.

“నూట నలభై పేర్లమ్మా. ఈసారి ఒక్కటి పోయినా నా పరువు గోదాట్లో కలిసినట్టే” అన్నాడు గవర్రాజు.

“ఎవరి పేరూ పోదు బాబాయ్.”

శుభలేఖ వెళ్లిన గంటకే బావగారు ఫోన్ చేశాడు. “గవర్రాజూ, నా పేరు గోరు నిండా మెరిసిపోతోందయ్యా!” అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. గవర్రాజు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

పెళ్లిరోజు ముహూర్తానికి నలభై నిమిషాలుందనగా హాల్లో అయిదు వందల కుర్చీలూ ఖాళీ. పెళ్లికొడుకు వాళ్లున్నారు. పురోహితుడు ఉన్నాడు, ముహూర్తం పెట్టింది ఆయనే కనక.

“అక్కా, నా పెళ్లికి ఎవరూ రారా?” అంది లాస్య. వకుళ గబగబా శుభలేఖ తెరిచింది.

“ఒద్దికా, తేదీ, హాలు పేరు ఏవి?”

“మడిచేశాను. ఎవరూ చూడలేదు. నూట నలభై మందీ ముందు తమ పేరు వెతికారు. తర్వాత తమ పైన ఎవరి పేరుందో చూశారు. మూసేశారు.”

“నేను పదకొండు తెరల మీద సరిచూశాను కదా!”

“పదకొండుసార్లూ మీ చూపు ‘రూపకల్పన: డాక్టర్ వకుళ’ దగ్గరే ఆగింది.”

వకుళ సిగ్గుతో తలదించుకుంది.

“మళ్లీ కబురు పంపుతాను. గోటి మీద ఒక్క లైనే పడుతుంది. హాలు పేరా, పిలిచేవారి పేరా?” అంది ఒద్దిక.

“హాలు...” అనబోయింది వకుళ.

“ఆగమ్మా! పిలిచింది ఎవరో తెలీకుండా ఎవరొస్తారు? నా పేరే పెట్టు” అన్నాడు గవర్రాజు.

ఒద్దిక పంపేసింది. వకుళ నెత్తి కొట్టుకుంది.

రెండు నిమిషాల్లో గవర్రాజు ఫోన్ ఆగకుండా మోగింది. మొదట బావగారే. “నా పేరు పీకేసి నీ పేరు వేసుకుంటావా? ఎక్కడున్నావ్ నువ్వు? అక్కడికే వచ్చి తేల్చుకుంటా!”

“మెయిన్ రోడ్డు పద్మజా హాల్లో ఉన్నానండీ! రండి, తేల్చుకుందాం!” గవర్రాజు కూడా అరిచాడు. ఫోన్ చేసిన ప్రతివాడికీ అదే సమాధానం.

అర్ధగంటలో నూట నలభై కుటుంబాలూ చొక్కా చేతులు మడుచుకుంటూ, పిల్లాపాపలతో సహా పోట్లాటకు వచ్చేశాయి. అప్పటికే సన్నాయి ఊదుతుండటంతో, శుభకార్యంలో గొడవ పెట్టుకోలేక కుర్చీల్లో కూర్చున్నాయి. తాళి కట్టే వేళకు కుర్చీలు చాల్లేదు.